దారిలో ఉన్నవాళ్ళ కోసం

సిలోవన్ నోట ఆ పేరు వస్తుందని ఎర్మిలేకి ముందే తెలుసా?

నాకిప్పుడు ఎనభై మూడేళ్ళు. కళ్ళద్దాలు మార్చి మార్చి చాలా పుస్తకాలు చదివాను. మనిషి మనసులోకి దూరి అక్కడ ఏముందో చెప్పేవాళ్ళ పుస్తకాలే ఎక్కువ. ఒక్కదాంట్లోనూ దీనికి జవాబు దొరకలేదు. కొన్ని రోజులు తెలిసే చేశాడనిపిస్తుంది. ఆ రోజుల్లో అతని మీద కోపంగా ఉంటాను, చచ్చిపోయిన మనిషి మీద కోపమేమిటని నన్ను నేనే తిట్టుకుంటాను. కొన్ని రోజులు పాపం అతనికేం తెలుసనిపిస్తుంది. ఆ రోజుల్లో భోజనం సహిస్తుంది.

ఎర్మిలే గవషేలి అనే దర్శకుడి పేరు మీరు విని ఉండరు. మా రాజధాని త్బిలిసిలోనే ఇప్పుడు విన్నవాళ్ళు పదిమంది ఉంటే గొప్ప. మొత్తం మీద తన ఇష్టానికి తీసినవి మూడే సినిమాలు. మొదటిది ఇరవై నిమిషాలది. ఒక మనిషి భుజాన తలుపు మోసుకుంటూ కొండ దిగి, ఏరు దాటి, ఇంకో కొండ ఎక్కుతాడు. అంతే. ఆ తలుపు ఎవరింటిదో, దాని ఇల్లేమైందో చెప్పడు. రెండోది కొండల మీద ఒక పోస్టాఫీసులో ఒకరోజు. ఆ రోజు ఉత్తరాలేమీ రావు. మూడోదాని గురించే ఇదంతా.

నేను స్టూడియోలో ఎడిటింగ్ బల్ల దగ్గర పనిచేసేదాన్ని. ఫిల్ము కోసి అతికించడం నా పని. ఎర్మిలే సినిమా వచ్చిందంటే నాకు పనుండేది కాదు. అతను కెమెరా ఒకసారి తిప్పాడంటే రీలు అయిపోవాల్సిందే, మధ్యలో ఆపే అలవాటు లేదు.

"గుగులీ, నీ కత్తెరని కాసేపు పడుకోనివ్వు" అనేవాడు గదిలోకి వస్తూనే.

అతను రాచా కొండల మనిషి. రాచావాళ్ళ నెమ్మది మీద మాకు ఉన్నన్ని వేళాకోళాలు మరి దేనిమీదా లేవు. స్టూడియో పెద్దాయన పశ్చిమాన గురియా నుంచి వచ్చినవాడు, నోరు విప్పితే మాట మీద మాట దొర్లిపోయేది. ఎర్మిలే సినిమా చూడాల్సి వచ్చినప్పుడల్లా కుర్చీలో మెసిలేవాడు.

"ఒరేయ్, ఆ తలుపు మోసేవాడు ఇంటికి చేరాడా లేదా? వాడి కొడుక్కి పెళ్ళీడు వచ్చేట్టుందిరా!"

"వస్తున్నాడండీ. మీరు భోంచేసి రండి, ఈలోగా ఏరు దాటుతాడు" అనేవాడు ఎర్మిలే, నవ్వకుండా.

ఒకసారి నేనే అడిగాను. "మధ్యలో కాస్త కోస్తే ఏం పోతుంది? మనిషి నడుస్తున్నాడని రెండడుగుల్లోనే తెలిసిపోతుందిగా."

"కోశాక, ఆ కోసిన ముక్కలో ఎవరన్నా వస్తే?"

తమాషాకి అన్నాడనుకున్నాను. వాళ్ళ ఊరు వెళ్ళేదాకా అలాగే అనుకున్నాను.

వెళ్ళింది అరవై తొమ్మిది అక్టోబరులో. మూడో సినిమాకి అతను అనుకున్నది ఒక ఊళ్ళో దినం భోజనం. పొద్దున్న బల్లలు వేయడం దగ్గర మొదలై, సాయంత్రం బల్లలు తీసేయడంతో అయిపోతుంది. నటులెవరూ లేరు, ఊరివాళ్ళే. షాట్ల లెక్క రాసుకోవాల్సిన అమ్మాయికి నెలలు నిండటంతో ఆ పుస్తకం, స్టాప్‌వాచీ నా చేతిలో పెట్టి పంపారు. కెమెరా పట్టుకునే లెరి, నేను, మరో నలుగురం. ఓని పట్నం దాటాక లారీ ఎక్కలేని చోట దిగి, పెట్టెలు ఎద్దుబండిలో వేసి నడిచాం.

ఎర్మిలే వాళ్ళమ్మ కెసారియా వాకిట్లో పంది తొడకి పొగ పెడుతోంది. అరవై ఏడేళ్ళ మనిషి, నిటారుగా, చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఇంతమందా? ఒక్క సినిమాకి?"

"అవునమ్మా."

"మేమేం చెయ్యాలి?"

"ఏం చెయ్యక్కర్లేదు. బల్ల దగ్గర కూర్చుని తినాలి, అంతే."

"కూర్చుని తినడానికి పట్నంనుంచి ఏడుగురు వచ్చి చెప్పాలా?" అని, నా వైపు తిరిగి, "నువ్వు సన్నగా ఉన్నావమ్మా, ముందు నువ్వు కూర్చో" అంది.

ఆ ఇంటి పెద్దకొడుకు దొమెంతి. ఎర్మిలే కంటే పదమూడేళ్ళు పెద్ద. నలభై ఒకటిలో, ఇరవయ్యేళ్ళ వయసులో యుద్ధానికి వెళ్ళాడు. మరుసటి ఏడాది, యుద్ధం జరుగుతున్న కెర్చ్ నుంచి కాగితం వచ్చింది. చనిపోయాడని కాదు, జాడ తెలియలేదని. కెసారియా ఆ కాగితాన్ని ఊరి మాస్టారు చేత మూడుసార్లు చదివించుకుందట. మూడుసార్లూ ఆ ముక్కే ఉంది. జాడ తెలియలేదంటే ఇంకా వెతుకుతున్నట్టేగా అని మడిచి పెట్టె అడుగున పెట్టింది.

యాభై ఆరులో, కింద ఊళ్ళో ఒకతను తిరిగొచ్చాడు. జర్మన్లకి పట్టుబడి, బెల్జియం బొగ్గుగనుల్లో పనిచేసి, ఇటు వచ్చాక, పట్టుబడ్డ నేరానికి మన సర్కారే వేసిన ఉత్తరాది ఖైదు క్యాంపులో మరి కొన్నేళ్ళు గడిపి వచ్చాడు. ఇంట్లోవాళ్ళు అప్పటికే దినం పెట్టేశారు, స్మశానంలో రాయి వేయించారు. ఆ మనిషి తన పేరున్న రాయి తనే చదువుకుని, రెండేళ్ళు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదట. కెసారియా ఆ కథ నాకు వెళ్ళిన రోజునే చెప్పింది.

"నేను రాయి పెట్టలేదు. నా కొడుకు తల ఎత్తుకుని వస్తాడు" అంది.

ఊరు కూడా ఆవిడ మాట మీదే నిలబడింది. మా విందుల్లో తమదా అని ఒక పెద్దమనిషి ఉంటాడు. ఎవరి పేరు మీద తాగాలో వరస అతనిది, ముందు మాట్లాడేది అతనే. ఆ ఊరికి తమదా సిలోవన్, కెసారియా భర్తకి చిన్నాన్న కొడుకు, ఎర్మిలేకి బాబాయి వరస. యుద్ధంలో పోయిన వాళ్ళ వరస వచ్చినప్పుడు సిలోవన్ పద్నాలుగు పేర్లు చెప్పేవాడు. దొమెంతి పేరు చెప్పేవాడు కాదు. చివర్లో, అందరూ లేవబోతుండగా, "దారిలో ఉన్నవాళ్ళ కోసం" అని ఒక గ్లాసు ఎత్తేవాడు. అందులో వచ్చేది ఆ పేరు. పట్నంలో చదువుకునే పిల్లలు, గొర్రెలతో కనుమ దాటినవాళ్ళు, దొమెంతి. ఇరవై ఏడేళ్ళు అలాగే గడిచింది.

ఇంకొక్క సంగతి చెప్పాలి. పోయినవాళ్ళ పేరు మీద తాగేముందు మేము గ్లాసులోంచి నాలుగు చుక్కలు రొట్టెముక్క మీద ఒంపుతాం. బతికున్నవాళ్ళకి ఒంపం.

సమస్య సిలోవన్ దగ్గరే వచ్చింది. సినిమాకి రాసుకున్న కాగితంలో చనిపోయినవాడి పేరు పెత్రే. షాట్‌కి ముందురోజు ఎర్మిలే ఆ సంగతి చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను.

"పెత్రే ఎవడు?" అన్నాడు సిలోవన్.

"ఎవడూ కాదు బాబాయ్. ఊరికే పేరు."

"ఊరికే ఎలా తాగుతానురా? ఎవరి కొడుకు? ఏ ఇంటివాడు? పై వీధిలో మా పెత్రే ఉన్నాడు, బావిలో పాచి తీస్తున్నాడు నిక్షేపంలా. రేపు వాడు జారి అందులో పడితే?"

"పోనీ ఇంకో పేరు. ఊళ్ళో లేని పేరు."

"ఊళ్ళో లేని పేరైతే నేనేం మాట్లాడను? వాడు ఎలాంటివాడో నాకేం తెలుసు? మంచివాడనాలా, తాగుబోతనాలా?"

"పోయినవాళ్ళ పేరు ఏదైనా..."

"అది ఇంకొకరి ఇంటి పేరు. వాళ్ళ మనిషిని నేను రెండోసారి చంపనా, నీ కెమెరా కోసం?"

ఎర్మిలే సిగరెట్ ముట్టించుకున్నాడు. గాలికి అగ్గిపుల్ల రెండుసార్లు ఆరింది. మూడోది అరచేతులు అడ్డం పెట్టి వెలిగించుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు:

"సరే బాబాయ్. పేరు మీ ఇష్టం. నిలబడ్డాక నోటికి ఏది వస్తే అది చెప్పండి."

అతను ఆ మాట ఎలా అన్నాడో ఇప్పటికీ నా చెవిలో ఉంది. విసుగ్గానే అన్నాడు. ఏడుగురం వచ్చి కూర్చున్నాం, వెలుతురు రోజురోజుకీ తగ్గిపోతోంది, విసుగు సహజం. కానీ తల ఎత్తలేదు.

మరునాడు మధ్యాహ్నం రెండింటికి అక్రోటు చెట్ల కింద బల్లలు వేశారు. నలభై ఒక్కమంది. ఉత్తి గిన్నెలు పెట్టి నటించమంటే రాచావాళ్ళు కూర్చోరు, అందుకని తిండి నిజంగానే వండారు. చిక్కుడుగింజలు, ఏటి చేపలు, తేనె కలిపిన గోధుమలు, మొక్కజొన్న రొట్టె, గోధుమ రొట్టె. ద్రాక్షసారా పీపాలు కింద అంబ్రొలౌరి నుంచి తెప్పించారు. తెల్లగా కాకుండా ఎర్రదే తెమ్మన్నాడు ఎర్మిలే. కెసారియా ఆడవాళ్ళ వైపు, ఏడో కుర్చీలో కూర్చుంది.

లెరి కెమెరా తిప్పాడు. నేను వాచీ నొక్కాను.

సిలోవన్ లేచాడు. దినం భోజనంలో లేచే తీరే వేరు, భుజాలు కిందికి దిగిపోతాయి. తర్వాత, ఈ కొండ మీద పుట్టి ఇంకే నేల మీదో ఒరిగిన బిడ్డ గురించి మొదలుపెట్టాడు. వాడి గొంతు బాగుండేదన్నాడు. పాట మొదలుపెడితే కింది గొంతు కలపడానికి ముసలివాళ్ళు పరిగెత్తి వచ్చేవాళ్ళన్నాడు. మాట్లాడుతూ ఆ మాటల్లోనే కొట్టుకుపోయాడు. కళ్ళు మూసుకుని, గ్లాసు ఎత్తి, "మన దొమెంతి. దేవుడు వాడి ఆత్మకి శాంతినిచ్చుగాక" అన్నాడు.

నలభై చేతులు గ్లాసులు వంచాయి. అలవాటు. రొట్టెల మీద ఎర్రగా పడ్డాక గానీ ఎవరికీ తెలియలేదు.

కెసారియా గ్లాసు ముట్టుకోలేదు. కొంచెంసేపు పక్కామె ముందున్న రొట్టెముక్కని చూసింది. తర్వాత లేచి, బల్ల మొదటికి నడిచి, కొంగులా ఒక చేత్తో ఏప్రాన్ పట్టుకుని, రెండో చెయ్యి చాపింది.

"ఇటివ్వమ్మా."

మొదటతను ఇచ్చాడు. తడిసిన ముక్క ఏప్రాన్‌లో వేసుకుని రెండో అతని దగ్గరికి వెళ్ళింది. ఒక్కొక్కరి దగ్గరే ఆగి, ఒక్కొక్కరి దగ్గరే అదే మాట. తొందర లేదు. కొందరు తలెత్తలేదు. ఒకావిడ తన ముక్క అప్పటికే కొరికి, నోట్లోది మింగలేక, కక్కలేక కూర్చుంది. సిలోవన్ తన ముక్కని రెండు చేతులతో ఇచ్చాడు. కోళ్ళు తప్ప ఇంకేం చప్పుడు లేదు. లెరి రెండుసార్లు ఎర్మిలే వైపు చూశాడు, ఆపనా అన్నట్టు. ఎర్మిలే చెయ్యి సగం ఎత్తి ఉంది. ఆపమనో, కానివ్వమనో ఎవరికీ తెలియలేదు, లెరి తిప్పుతూనే ఉన్నాడు. నలభయ్యో ముక్క తీసుకుని ఆవిడ ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఏడు నిమిషాల నలభై సెకన్లని నా పుస్తకంలో ఉంది. ఆ తర్వాత రీలు అయిపోయేదాకా కెమెరా మూసిన తలుపునే చూసింది.

సాయంత్రం సిలోవన్ కంచె దగ్గర కూర్చుని ఉంటే వెళ్ళాను. నేనేం అడగకుండానే చెప్పాడు.

"బతికున్నవాడి పేరు చెప్పకూడదు. చచ్చినవాడి పేరు ఇంకో ఇంటిది. రెండూ కానివాడు మా ఊళ్ళో వాడొక్కడే అమ్మాయ్. నేను వెతకలేదు. నిలబడితే వచ్చేసింది."

మరునాడు పొద్దున్న కెసారియా చిక్కుడు రొట్టెలు చేస్తోంది. నేను, ఎర్మిలే పొయ్యి దగ్గర కూర్చున్నాం. పిండి ఒత్తుతూ అడిగింది.

"తీశావా?"

"తీశానమ్మా."

"అంతా?"

"అంతా."

"దాన్ని ఎక్కడెక్కడ ఆడతారు?"

"ఇప్పుడే చెప్పలేం. మన దగ్గర ఆడతారు. బాగుందంటే బయటి దేశాలకీ పంపుతారు."

"బయటి దేశాలంటే, ఆ బెల్జియం?"

ఎర్మిలే పొయ్యిలో కట్టె ఎగదోశాడు.

"ఏ ఆదివారమో వాడికి తోచదు. సినిమాకి వెళ్తాడు. మన ఊరు కనిపిస్తుంది. మన సిలోవన్ కనిపిస్తాడు. వాడి పేరు చెప్పి అందరూ రొట్టె మీద ఒంపుతారు. ఇంకెందుకొస్తాడురా? దినం కూడా పెట్టేశారే అనుకోడూ?"

"నువ్వు రొట్టెలన్నీ వెనక్కి తీసుకున్నావుగా. అదీ చూస్తాడు."

"అప్పటిదాకా కూర్చుంటాడా? నీ సినిమాలకి చివరిదాకా కూర్చున్నవాడెవడు?"

ఎర్మిలే నవ్వాడు. నవ్వి, లేచి బయటికి వెళ్ళాడు. నేను కిటికీలోంచి చూస్తే కంచె దాటి, కింద దారి కనిపించే చోట నిలబడి ఉన్నాడు. ఏడేళ్ళప్పుడు అన్నని పంపించిన చోటు అదేనని ఆవిడ చెప్పింది. చిన్నప్పుడు పశువులు మేపడానికి పంపితే అక్కడే కూర్చునేవాడట. పశువులు ఎటు పోయినా దారి మీద నుంచి చూపు తిప్పేవాడు కాదట. తిట్టి లాక్కొస్తే, "నేను ఇటు తిరిగినప్పుడే వస్తే?" అని ఏడ్చేవాడట.

త్బిలిసి వచ్చాక స్టూడియోలో ఆ రీలు వేశాం. పెద్దాయన పది నిమిషాలూ కుర్చీలో మెసల్లేదు. దీపాలు వెలిగాక జేబురుమాలుతో మొహమంతా తుడుచుకున్నాడు.

"ఒరేయ్ రాచావాడా, ఇన్నాళ్ళూ నన్ను చంపుకుతిన్నది దీనికోసమా? ముందే చెబితే ఓపిక పట్టేవాణ్ణిగా" అన్నాడు. ఇది బయటికి వెళ్తుంది, నేనే పంపిస్తాను, నాలుగో సినిమాకి నీకేం కావాలో రాసుకో అన్నాడు. అతని నోట అలాంటి మాట నేను మళ్ళీ వినలేదు.

ఎర్మిలే వాళ్ళమ్మ భయం చెప్పాడు. పెద్దాయన మంచివాడే. "పేరొక్కటేగా. గొంతు మళ్ళీ రికార్డు చేయించి పెత్రే అనిపిద్దాం. బొమ్మ ఉంటుంది, పేరు పోతుంది" అన్నాడు.

ఎర్మిలే ఆ మాట అడగడానికి ఊరు వెళ్ళి మూడోరోజు వచ్చాడు. గదిలోకి వచ్చి, కోటు విప్పకుండా బల్ల అంచున కూర్చున్నాడు.

"ఏమందేమిటి?"

"పేరు మారిస్తే నా మొహం మారుతుందా అంది. వాడు నన్ను గుర్తుపట్టడా, నేను ఇంకెవరికోసం అలా తిరుగుతాననుకుంటాడు అంది."

"తీసెయ్యమందా?"

"అనలేదు. నీ పని నీది అంది. దారిలో తినమని రొట్టెలు కట్టిచ్చింది."

ఆ తర్వాత మూడు వారాలు రోజూ వచ్చేవాడు. రీలు ఎక్కించమనేవాడు, చూసేవాడు, వెళ్ళేవాడు. అతనికి అప్పటికి ముప్పై అయిదేళ్ళు. తను తీసింది ఎవరైనా ఒక్కరు చివరిదాకా చూడాలన్న కోరిక తప్ప ఇంకో కోరిక ఉన్నట్టు నేను ఎరగను. అది ఇప్పుడు ఆ బల్ల మీద, నా చేతికింద ఉంది. అది ఉంటే వాళ్ళమ్మ ఆదివారాలన్నీ పాడైపోతాయి.

చివరిరోజు నన్నడిగాడు. "నువ్వైతే ఏం చేస్తావు గుగులీ?"

"ఉంచుతాను" అన్నాను.

నిజం రాస్తున్నాను కాబట్టి ఇదీ రాయాలి. సినిమా కోసం ఒక్కదానికే అనలేదు. అది బయటికి వెళ్తే అతను పెద్దవాడవుతాడు, నాలుగోదీ అయిదోదీ తీస్తాడు, అవన్నీ నా బల్ల మీదికే వస్తాయి. బుధవారాలు మేమిద్దరం కలిసి భోంచేసేవాళ్ళం, నా పుస్తకాలు పట్టుకెళ్ళి పేజీల మధ్య రొట్టె పొడితో తిరిగిచ్చేవాడు. అలాంటి బుధవారాలు ఇంకా కావాలనుకున్నాను.

అతను నా వైపు కాసేపు చూసి చెయ్యి చాపాడు. "కత్తెర ఇలా ఇవ్వు."

తనే కోశాడు. రెండు చోట్ల కోస్తే చాలు. చేతకాని చెయ్యి, రెండోది వంకరగా పోయింది, నేను సరిచేశాను. పనికిరాని ఫిల్ముని, దాని పూతలోని వెండి తీయడానికి పంపేయాలని రూలు. నేను పంపలేదు. 'తేయాకు కత్తిరింపు, మిగులు' అని ఇంకో సినిమా పేరు రాసిన డబ్బాలో పెట్టి స్టోరులో అడుగు అరలోకి తోశాను. అతనికి చెప్పాను కూడా. ఊఁ అన్నాడు.

ఆ షాట్ పోయాక సినిమాలో మిగిలింది బల్లలు వేయడం, బల్లలు తీయడం. నాలుగు క్లబ్బుల్లో ఆడింది. పెద్దాయన మళ్ళీ కుర్చీలో మెసిలాడు. నాలుగో సినిమా రాలేదు. ఎర్మిలేకి తేయాకు కొమ్మలు ఎలా కత్తిరించాలో, మంగలివాళ్ళు కత్తులు ఎలా ఉడకబెట్టుకోవాలో చెప్పే సినిమాలు ఇచ్చారు. మంటలార్పే దళం మీద తీసినదాంట్లో బండి రోడ్డు చివర కనిపించి మన దగ్గరికి రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. దళం అధికారి ఫిర్యాదు రాశాడు.

తొమ్మిదేళ్ళు. బుధవారాలు మాత్రం ఉండేవి. మొదట్లో రాసిన ఆ ఒక్క ప్రశ్న నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడేమో, అందుకే అడగలేదు. రెండో ప్రశ్న అతను అడగలేదు. దాని గురించి ఇక్కడ రాయను.

డెబ్భై ఎనిమిది జనవరిలో కెసారియా పోయింది. మంచులో నడిచి వెళ్ళాను. దినం భోజనంలో సిలోవన్‌ని ఇద్దరు పట్టుకుని నిలబెట్టారు. కెసారియా పేరు మీద మాట్లాడాడు, ఒంపాం. ఆవిడ భర్త పేరు మీద ఒంపాం. తర్వాత యుద్ధంలో పోయినవాళ్ళు. పద్నాలుగు పేర్లూ చెప్పి ఆగిపోయాడు. బల్ల మొత్తం ఎర్మిలే వైపు చూసింది. ఇప్పుడు ఆ ఇంటి మాట అతనిదే. ఆపాల్సిన మనిషి మట్టిలో ఉంది. ఊరు అలిసిపోయి ఉంది. ఒంపేసి ఊపిరి పీల్చుకుందామని అందరి మొహాల్లోనూ ఉంది, నా మొహంలోనూ ఉండే ఉంటుంది.

ఎర్మిలే లేచాడు.

"ఆ వరస ఇంకా రాలేదు బాబాయ్. దారిలో ఉన్నవాళ్ళు చివర్న కదా."

"అంతే బాబూ, అంతే. చివర్న" అన్నాడు సిలోవన్, కళ్ళు తుడుచుకుంటూ.

మార్చిలో స్టూడియోకి కొత్త పెద్ద వచ్చాడు. చదువుకున్నవాడు, తలుపు మోసే మనిషి సినిమాని కాలేజీ రోజుల్లో రెండుసార్లు చూశానన్నాడు. ఏదో షాట్ తీసేశారటగా, పోయిందా అని అడిగాడు. నేను డబ్బా సంగతి చెప్పేశాను. అవును, నేనే. ఇప్పుడిక ఎవరికి కష్టమని. ఆయన ఉత్సాహంగా కాగితాలు రాయించాడు. షాట్ తిరిగి కలపడానికి దర్శకుడి సంతకం ఒక్కటే కావాలి.

ఎర్మిలే ఆ మధ్యాహ్నం వచ్చాడు. ఆ తర్వాతి కాలమంతా ఊళ్ళోనే ఉన్నాడనీ, తేనెటీగలు పెంచాడనీ, సిలోవన్ పోయాక గ్లాసు అతనే ఎత్తేవాడనీ వాళ్ళూ వీళ్ళూ చెప్పగా విన్నాను. నేను చూసింది మాత్రం ఆ మధ్యాహ్నమే ఆఖరు.

కాగితం రెండుసార్లు చదివాడు. చక్కగా మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఆవిడ లేదుగా ఇంక" అన్నాను.

"ఇంట్లోనా? లేదు. తాళం వేసి వచ్చాను." జేబులో తాళంచెవి తడుముకుని, "మా ఊళ్ళో తాళం వేసిన ఇల్లు అదొక్కటే. తాళం చూస్తే ఎవడైనా వెనక్కి వెళ్ళిపోతాడు" అన్నాడు.

"ఎర్మిలే, దొమెంతికి ఇప్పుడు యాభై ఏడేళ్ళు."

"అవును. ఆ కొండ ఎక్కడం కష్టమే. ఆగి ఆగి వస్తాడు."

ఒకసారి వేసి చూద్దాం, చూశాక ఆలోచించు, డబ్బా తెస్తానుండు అన్నాను. సరేననీ అనలేదు, వద్దనీ అనలేదు. స్టోరు కింది అంతస్తులో ఉంది. డబ్బాల మీద దుమ్ము, అడుగు అరలోది లాగాలంటే పైవన్నీ దించాలి. పావుగంట పట్టి ఉంటుంది. పైకి వచ్చేసరికి కుర్చీ బల్ల కిందికి సరిగ్గా తోసి ఉంది. కాగితం మడత మడతగానే ఉంది. గదిలో ఎవరూ లేరు.

కిటికీ దగ్గరికి వెళ్ళాను. రోడ్డుకి అవతల బస్టాండు దగ్గర జనంలో నిలబడి ఉన్నాడు, చేతులు కోటు జేబుల్లో. కిటికీ తలుపు రెక్క బిగుసుకుపోయి తెరుచుకోలేదు. పిలిచినా వినపడే దూరం కాదు. బస్సు వచ్చి మధ్యలో ఆగింది. అది కదిలేసరికి అక్కడ ఇద్దరు ముసలమ్మలు, ఒక సంచి ఉన్నారు. అతను వెళ్ళొస్తానని చెప్పలేదు.